యారాడ కొండ మీద ఏడో సెల్

“టెన్త్ తప్పినోడికి బ్యాటరీల గురించి ఏటి తెలుసని నిన్న అన్నావ్ కదా బావా! ఓ బుట్ట తగ్గించావ్ సరే, మిగతా మూడూ ఎంత బరువో సూసావా?”

పొద్దున్న ఆరింటికి కంచరపాలెంలో మా రిపేరు కొట్టు ముందు ఇలా అరిచి, రమణ బావ కరెంటు ఆటో ఎక్కాను. ఆయన మా అక్క మొగుడు. యారాడ నుంచి మల్కాపురం మార్కెట్‌కు చేపల బుట్టలు తోలుతాడు. ఆ ఆటోకి లిథియం బ్యాటరీ కట్టింది నేనే. పది రోజుల కిందట, చార్జింగ్ సగానికి పైనే ఉన్నా, కొండెక్కుతుండగా బండి ఒక్కసారిగా ఆగిపోయింది. కొట్లో మీటరు పెట్టి చూస్తే పదహారు సెల్సూ సమానంగా ఉన్నాయి. “ఓవర్‌లోడ్. ఓ బుట్ట తగ్గించు” అని తేల్చేశాను. నిన్న మూడు బుట్టలతోనూ ఆగింది.

కాన్వెంట్ జంక్షన్, సింధియా మీదుగా వెళ్లాం. దారిలో ఇద్దరి టీలకీ ముప్పై రూపాయలు. ఖాళీ బండి కొండ సులువుగా ఎక్కి దిగింది. యారాడ చేరేసరికి ఏడు కావస్తోంది, పడవలు ఒడ్డుకొస్తున్నాయి. బావ తగ్గించిన నాలుగో బుట్ట మనిషి నూకాలమ్మ అత్త మాత్రం గుమ్మంలో కూర్చుని ఉంది.

“మార్కెట్‌కెల్లలేదేటి అత్తా?”

“మీ బావ నా బుట్ట దించేసాడు గదా నాయనా. బస్సోడు సేపల బుట్ట ఎక్కించుకోడు. నాలుగు రోజులు ఎల్లకపోతే నా సోట్లో ఇంకొకత్తి కూకుంది.”

అక్కడ చోటుకి కాగితం ఉండదు. రోజూ వచ్చి కూర్చున్నవాళ్లదే చోటు. ఆ చోటు ఆవిడకి వాళ్ల అత్త ఇచ్చి వెళ్లింది.

“ఆటో మొయ్యలేదని ఎవుడో పెద్ద మెకానిక్కు సెప్పాడంటలే” అని నవ్వింది. బావ నావైపు చూశాడు. నేను సముద్రంవైపు చూశాను.

మూడు బుట్టలతో తిరుగు ప్రయాణం. ఈసారి వెనక కూర్చుని, ఒక్కో సెల్ వోల్టేజీ చూపించే యాప్ ఫోన్‌లో తెరిచాను. రెండో మలుపులో ఏడో సెల్ 3.2 నుంచి 2.4 వోల్టులకి పడిపోయింది. సెల్ పాడవకుండా బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ కరెంటు ఆపేసింది. బండి ఆగింది.

“బ్రేకు బావా, బ్రేకు!” అంటూ దూకి చక్రం కింద రాయి పెట్టాను.

బండి ఆగి, లాగే పని తగ్గగానే ఏడో సెల్ మళ్లీ 3.2 చూపించింది. నీరసపడిన సెల్ అంత తొందరగా కోలుకోదు. అంటే సెల్ మంచిదే, దాన్ని పక్క సెల్‌తో కలిపే జాయింటు చెడ్డది. మెయిన్ స్విచ్ ఆపి మూత తీశాను. ఏడో నట్టు వేడిగా ఉంది, వేలితో తిప్పితే తిరిగింది.

“ఇది బిగించినోడెవుడు?”

“నానే బావా.”

“మరి నిన్నట్నుంచి నన్నెందుకురా తిడతన్నావ్?”

బ్యాటరీ కట్టిన రోజు క్రికెట్‌కి పిలిస్తే హడావిడిగా మూత పెట్టేసి పరిగెత్తాను. ఇప్పుడు టేపు చుట్టిన స్పానర్‌తో జాయింటు విప్పి, తుడిచి, బిగించాను. బండి ఆగకుండా కొండెక్కింది. బావ వెనక్కి తిరక్కుండా మార్కెట్‌కి తోలాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బ్యాటరీలోని రక్షణ దాని పని అది సరిగ్గానే చేసింది, మూడుసార్లు చెప్పింది. కొట్లో నిలబెట్టి చూసినవాడిని నేను. పది రోజుల కిందటే ఒక్కసారి బండితో పాటు ఈ కొండెక్కి ఉంటే సరిపోయేది. నట్టు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. అత్త చోటు అలా బిగించేది కాదు.

కరెంటు బండితో యారాడ వచ్చేవాళ్లకి ఒక్క మాట. చార్జింగ్ ఉండగా ఎత్తులో బండి ఆగితే, రక్షణ తీసేసి వైరు నేరుగా కలపమని ఎవరు చెప్పినా వినకండి. వెనక ఒకరిని కూర్చోబెట్టి, ఎక్కుతున్నప్పుడే సెల్స్ చూడమనండి. పడి వెంటనే లేచే సెల్ ఉంటే దాని జాయింటు చూపించండి.

ఇదంతా మర్నాడు పొద్దున్న యారాడలో, ఆటోలో కూర్చుని రాస్తున్నాను. నిన్న సాయంత్రం తప్పు నాదేనని నూకాలమ్మ అత్తకి చెప్పాను. “నాకు కాదు నాయనా, నా సోట్లో కూకున్నదానికి సెప్పు” అంది. ఇప్పుడు నాలుగో బుట్ట ఎత్తి పట్టుకుని పిలుస్తోంది. వెళ్లాలి.