తెల్లాయన తండ్రి నేసిన బట్ట

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా ఇంటికి ఒక ఇంగ్లీషాయన సినిమా తీయడానికి వచ్చాడు. మగ్గాల మీద చిన్న సినిమా. ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పడానికి జగిత్యాల నుంచి ఒక కాలేజీ సారు వెంట వచ్చాడు. ఒకప్పుడు ఈ ఇంగ్లీషాయన సినిమాలకు వాళ్ళ దేశంలో జనం విరగబడేవారట. తర్వాత కొత్తవాళ్ళు వచ్చారు, ఈయన తీరు పాతబడింది. పిలిచి పనిచ్చేవాళ్ళు లేక దేశాలు తిరుగుతూ ఇలాంటివి తీసుకుంటున్నాడని ఆ సారే చెప్పాడు.

పెంకుల సందులోంచి వెలుగు సరిగ్గా మగ్గం మీద పడుతుందని తెల్లాయన మా ఇల్లే ఎంచుకున్నాడు. మా నాన్నను బాపు అనేదాన్ని. ఆయనకు చిరగని అంగీ లేదు. పొద్దున్నే పోయి నాకు చిన్నాన్న వరసయ్యే పక్కింటి కాక దగ్గర ఒక తెల్లంగీ అడిగి తెచ్చుకున్నాడు.

కెమెరా తిరుగుతోంది. బాపు బిగుసుకుపోయి నేస్తున్నాడు. వాకిట్లో గుమిగూడిన జనంలోంచి ఆ కాక అరిచాడు.

"పైలంగ నెయ్యన్నా! గా అంగి నాది, చెమట మరకలు పోవు!"

వాడకట్టంతా గొల్లుమంది. కాకది చెడ్డ బుద్ధి కాదు, నలుగురినీ నవ్వించాలనుకున్నాడంతే. బాపు చేయి ఆగిపోయింది. లేచి అంగీ విప్పి, మడతపెట్టి కాక చేతికిచ్చాడు. ఎముకలు తేలిన ఒంటితో అందరి ముందూ నిలబడ్డాడు. నేను సిగ్గుతో అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను.

"నేను నెయ్య సారూ. గా తెల్లాయనను పొమ్మనుండ్రి," అన్నాడు బాపు నేల చూస్తూ.

తెల్లాయన కెమెరా ఆపించి, ఏమైందని సారును అడిగి తెలుసుకున్నాడు. జనాన్ని పంపించేయమన్నాడు. తర్వాత మగ్గం గుంట గట్టు మీద, ఆ దుమ్ములోనే కూర్చుని నెమ్మదిగా మాట్లాడాడు. సారు ఒక్కో ముక్కా మాకు చెప్పాడు.

ఆయన తండ్రిదీ నేత పనేనట, బట్టల మిల్లులో. కొడుకు మొదటి సినిమా విడుదలైన రోజు మిల్లు నుంచి నేరుగా, జుట్టులో దూది పీచుతోనే వచ్చాడట. కొడుకు పెద్దమనుషుల నడుమ ఉన్నాడు. అతనెవరని ఎవరో అడిగితే, మా వీధిలో ఉండే మనిషి అన్నాడట. ఆ మాట తండ్రి విన్నాడు. వెనక వరుసలో కూర్చుని సినిమా చూసి వెళ్ళిపోయాడు. రెండో సినిమా నాటికి ఆ తండ్రి బతికి లేడు. ఎందరి ముఖాలో తీశాను గానీ ఆ ఒక్క ముఖం తీయలేదన్నాడు.

బాపు తలెత్తి అడిగాడు.

"మీ నాయిన ఏం బట్ట నేస్తుండె?"

సారు అదే ఇంగ్లీషులో అడిగాడు. తెల్లాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. తెలియదన్నాడు. ఎన్నడూ అడగలేదన్నాడు.

బాపు గుంటలోకి దిగి ఉత్త ఒంటితోనే నేయడం మొదలుపెట్టాడు. తెల్లాయన వెళ్ళి కెమెరా వెనక నిలబడ్డాడు. ఆ సినిమా మేమెన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం నాకు ఇంకో సిగ్గు పట్టుకుంది. నన్నెవరైనా అదే మాట అడిగితే నా దగ్గరా జవాబు లేదు. రోజూ మగ్గం చప్పుడుకే నిద్ర లేచేదాన్ని, దాని మీద ఏ బట్ట ఉందో తెలియదు. వెళ్ళి అడిగాను. బాపు నన్ను వింతగా చూశాడు.

"చీర బిడ్డా. పొలం పనికి పోయెటోళ్ళు కట్టుకుంటరు," అని, నా వేలు పట్టుకుని ఎర్రంచు మీద ఆనించాడు.

ఇప్పుడు నేను కోరుట్లలో ఉంటున్నాను. మా కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. ఫోను చేసినప్పుడల్లా తిన్నవా అని అడిగి, ఇయ్యాల ఏం పని చేసినవ్ కొడుకా అని కూడా అడుగుతాను. మొదట్లో "ఏదో ఒక పని తియ్ అమ్మా" అని దాటేసేవాడు. ఒకరోజు చెప్పాడు, పెద్ద భవనాల్లో మరుగుదొడ్లు కడుగుతానని. నేను ఫోను పెట్టేయలేదు.

"ఏం మందుతోని కడుగుతవ్ రా? చేతులు మండుతయా?" అన్నాను.

అప్పటినుంచి వాడు దాచకుండా చెబుతాడు. నేను వింటాను.