సగం ముద్ద గంగులమ్మ

మా అత్త గంగులమ్మ గురించి చెప్పేముందు ఒక మాట చెప్పేయాలి. నేను ఆమె కడుపు మాడ్చలేదు. పుంగనూరులో మా వీధిలో ఎవరిని అడిగినా ఇప్పుడు ఈ మాట ఒప్పుకుంటారు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో మాత్రం కొన్నాళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు నాగరత్నమ్మ అనే నా పేరు మదనపల్లె బస్సులో కూడా నలిగింది.

అత్త పుట్టింది రామసముద్రం పక్క పల్లెలో. మామ పోయాక చెనిక్కాయల చేను, అదే వేరుశనగ చేను, తనే చూసుకుంది. గట్టి మనిషి. ఆమె మా ఎడ్లను అదిలిస్తే పక్క చేలో ఎడ్లు కూడా నిలబడేవి. అరవై దాటాక కూడా మూట తలకెత్తుకోవడానికి ఎవరినీ పిలిచేది కాదు. ఇంత మనిషి గాలి తిని బతకదని చూసినవాళ్లకు తెలియొద్దా? పొద్దునా మధ్యాహ్నమూ రాగిసంగటి, నడుమ నడుమ కొంగున కట్టుకున్న గుగ్గిళ్లు, ఎవరూ చూడనప్పుడు బెల్లం. అయినా ఏం తిన్నావని అడిగితే ఏళ్ల తరబడి ఒకటే జవాబు.

"ఏం కూడమ్మా, సగం ముద్ద."

మా వైపు పెద్దవాళ్లు తిన్నది తిన్నట్టు బయటికి చెప్పరు. చెబితే దిష్టి. మా అత్తకు ఇది ఎవరో చెప్పగా విన్న విషయం కూడా కాదు. ఆమె అన్న వెంకటముని ఒక పెళ్లిలో ఇరవై ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నానని, ఇంకా చోటుందని నలుగురిలో అరిచి చెప్పాడట. తిరిగొచ్చేటప్పుడు బండిమీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎడ్లు బెదరలేదు, చక్రం ఊడలేదు, దారి చదును. జనం కళ్లు పడ్డాయి, అంతే. ఇరవై ఓళిగలు తిన్నవాడు బండిమీద నిద్రపోయి ఉంటాడని నేనొకసారి అన్నాను. ఆ రోజంతా అత్త నాతో మాట్లాడలేదు.

తిన్నది ఒప్పుకోని మనిషి వంటను ఎలా మెచ్చుకుంటుంది? నేను కుప్పం నుంచి కోడలిగా వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. బాగుందని ఒక్కసారి అనలేదు. "కుప్పం పిల్లకు పులుసు పెట్టేదే రాదు" అంటూ ఆ పులుసుగిన్నె వేలితో తుడిచి నాకేది. నాకు ఒళ్లు మండేది. అయినా మరుసటి రోజు ఇంకాస్త శ్రద్ధగా వండేదాన్ని. నా మొండితనం నాది.

ఆ చలికాలంలోనే ఆసుపత్రివాళ్లు పంపగా శ్రీరాములనే ఆయన వచ్చాడు. పొడుగ్గా, ఎండిన మునక్కాయలా ఉండేవాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో చిన్న తక్కెడ. అరవై దాటినవాళ్లు ఏం తింటున్నారో తెలుసుకోవాలంటే ఇంట్లో కూర్చుని ప్రతి ముద్దా తూచాలట. ఆ పని తెమిలేది కాదు. అందుకని ఎవరో పది ప్రశ్నల కాగితం తయారుచేశారు. ముందు ప్రశ్నలు అడగాలి, తర్వాత కొన్నాళ్లు కూర్చుని కంచం తూచాలి. రెండూ ఒకటే చెబితే కాగితం మంచిదన్నట్టు, ఇక తక్కెడ మూలన పడేయొచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడూళ్లలో ఈ పరీక్ష జరుగుతోంది. పుంగనూరులో మా అత్తను ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ప్రశ్నలు లోపల కూర్చుని అడిగి ఉంటే బాగుండేది. ఆయన మా వీధి అరుగుమీద కూర్చుని, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు. ముసలివాళ్లందరికీ చెవుడని ఆయనకెవరో చెప్పినట్టున్నారు. వీధి వీధంతా పనులు మానేసి వచ్చింది. అంతమందిని చూసేసరికి అత్త కొంగు భుజాలనిండా కప్పుకుని సగానికి సగం చిక్కిపోయింది. సంగటి ఎంత తింటారంటే సగం ముద్ద అంది. పాలు తాగుతారా అంటే పాలు యాడివప్పా అంది. వెనక మా గేదె అప్పుడే అరిచింది. కోడి, గుడ్డు? పండక్కి వాసన చూస్తానంది. ఇంట్లో తిండి సరిగా పెడతారా అన్నది ఆఖరి ప్రశ్న. అత్త ఆకాశంకేసి చూసి నిట్టూర్చింది. శ్రీరాములు నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నాకు తల కొట్టేసినట్టయింది.

లోపలికొచ్చాక గట్టిగా అడిగాను, నన్ను ఇలా వీధిలో పెట్టావేమత్తా అని. అంతమందిలో నిజం చెప్పి చావమంటావా అని ఎదురు అడిగింది. మా ఆయనకు చెబితే చేనుకు నీళ్లు కట్టాలని వెళ్లిపోయాడు. ఆ రోజు కరెంటు లేదు, మోటారు తిరగదు, అయినా వెళ్లాడు.

సరే, తక్కెడ ఉందిగా, అదే నా పరువు నిలబెడుతుందనుకున్నాను. అనపకాయల కాలం. అత్తకు పితికిపప్పంటే ప్రాణం. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పొట్టు పితికి, మసాలా నూరి, వీధి మొదలు దాకా వాసన వెళ్లేలా పులుసు చేశాను. వేడివేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశాను. శ్రీరాములు అన్నీ తూచి కంచం అత్త ముందు పెట్టాడు. తను ఎదురుగా గొంతుకూర్చున్నాడు. అత్త పితికిపప్పు వైపు చూసింది. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం ముద్ద తిని చెయ్యి కడిగేసుకుంది.

"సాలప్పా. నా పొట్ట ఇంతే."

మిగిలింది ఆయన తూచి రాసుకున్నాడు. అత్త నడుం పట్టుకుని మెల్లగా లేచి, మైమూన్ బీ ఇంటికెళ్లి వస్తానంది. మైమూన్ బీ మా పక్కింటావిడ. వాళ్లాయనకు కుట్టుమిషను ఉంది. మా రెండిళ్ల మధ్య గోడ నడుమెత్తే ఉంటుంది. పితికిపప్పు ఆమెకిష్టమని పొద్దున్నే పెద్ద గిన్నెనిండా పంపాను. ఖాళీ గిన్నె వెనక్కి తెచ్చుకుందామని వెళ్తే, మా అత్త వాళ్ల వంటింట్లో పీటేసుకుని ఆ గిన్నె ఖాళీ చేస్తోంది. నన్ను చూసి, మైమూన్ బలవంతం చేసిందంది. మైమూన్ బీ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. తక్కెడ ఉన్నన్నాళ్లూ ఇదే తంతు. మా ఇంట్లో సగం ముద్ద, గోడ దాటాక మిగిలిన ముద్దలన్నీ.

చివరి రోజు శ్రీరాములు లెక్కలు వేసుకుని పొంగిపోయాడు. కాగితమూ తక్కెడా అచ్చంగా ఒకటే చెప్పాయట. మూడూళ్లలో ఇలా కలిసిన ఇల్లు ఇంకోటి లేదట. మదనపల్లెలో బాబు సాహెబ్ అనే పెద్దాయన, వయసులో ఉన్నప్పుడు తిన్న బిరియానీలన్నీ ఇప్పుడు తింటున్నట్టే రాయించాడు. తీరా తూస్తే రోజూ టీ, రొట్టె. కుప్పంలో ఎల్లమ్మ అనే అవ్వ గంజి తాగుతానని చెప్పింది. తూచడానికొచ్చిన మనిషి ఇంట్లో ఉండగా గంజి ఎలా కాస్తామని పూటకో పాయసం వండి, ఆయనకూ పెట్టి తనూ తింది. అబద్ధం ఎరగని మనిషి మీ అత్త ఒక్కతేనమ్మా అని ఆయన అరుగుమీద నిలబడి చెప్పాడు. గోడ అవతలి సంగతి చెబితే నలుగురిలో అత్త అబద్ధాలకోరవుతుందని మింగేశాను. పైగా ఇంత తక్కువ తినే మనిషి గురించి పైవాళ్లకు చెప్పక తప్పదని, డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూస్తుందని చెప్పి వెళ్లాడు.

డాక్టరమ్మ జీపు వచ్చిన రోజే మా వదిన తిమ్మక్క కూడా దిగింది. మా ఆయనకు అక్క. మదనపల్లెలో ఉంటుంది. పుంగనూరులో ఒక కోడలు అత్తను పస్తులు పెడుతోందని ఆమె బస్సులో విని, ఎవరా పాపిష్టిదని అడిగిందట. వాళ్లు నా పేరు చెప్పారు. వచ్చీ రాగానే సంచి తీసి అమ్మ చీరలు సర్దడం మొదలుపెట్టింది.

"అమ్మను నేను పిల్సకపోతా. మీ ఇంట్లో కన్నా నా ఇంట్లో మేలు."

ఇక్కడ తిమ్మక్క ఇంటి సంగతి చెప్పాలి. ఆమె మంచిదే. కానీ పెద్దవాళ్లకు తిండి తగ్గాలని ఎవరో చెప్పగా విని మనసులో పెట్టేసుకుంది. వాళ్లింట్లో వాళ్ల మామగారికి పొద్దున పలచని జావ, రాత్రి పలచని జావ. నెయ్యి లేదు, బెల్లం లేదు. ఒకసారి అత్త అక్కడ వారం ఉండి వచ్చి, ఆ రాత్రి మా ఇంట్లో సంగటి తపేలా గీకింది. ఇప్పుడు శాశ్వతంగా వెళ్లాలి. అక్కడ సగం ముద్ద అంటే నిజంగా సగం ముద్దే, గోడ అవతల మైమూన్ బీ ఉండదు. వెళ్లనని చెప్పాలంటే ఇక్కడ కడుపునిండా తింటున్నానని నలుగురిలో ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్న అన్న కాలు ఏమైందో ఆమె చూసింది.

వీధినిండా జనం. డాక్టరమ్మ అరుగుమీద కుర్చీలో కూర్చుంది. తిమ్మక్క సంచి భుజాన వేసుకుంది. నేను గడప దగ్గర నిలబడి ఏడవకూడదని పళ్లు బిగపట్టుకున్నాను. నన్ను ఎవరేమనుకున్నా పోనీ, ఈ ముసలామె వెళ్లిపోతే వంకలు పెట్టించుకోడానికి ఎవరికోసం వండాలి?

అత్త సంచి వైపు చూసింది. మెట్టు దిగింది. మళ్లీ మెట్టెక్కి అందరికీ వినబడేలా అంది.

"అందరూ గోడకల్లా తిరుక్కోండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనొక మాట సెప్పాల. ఎవరి కళ్లూ నామింద పడగూడదు. తిరుక్కోండప్పా."

ఆమె గొంతుకు ఎడ్లే నిలబడేవి, మనుషులెంత. వీధంతా తిరిగింది. గోడలు దొరకనివాళ్లు గేదెవైపు తిరిగారు. డ్రైవరు జీపువైపు తిరిగాడు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీతో సహా తిరిగింది. శ్రీరాములు కాగితం గోడకు ఆనించి పెన్సిలు పట్టుకున్నాడు. నేనూ గోడకేసి తిరిగాను.

"పొద్దున రెండు ముద్దలు తింటాను, ఊరిబిండి పచ్చడి యేసుకోని. ఆపైన గుగ్గిళ్లు. మద్దేనం రెండు ముద్దలు, ఇంత అన్నం, గెట్టి మజ్జిగ. సందేల మైమూన్ ఇంట్లో టీ, బన్ను. రాత్రి లోటానిండా పాలు తాగకపోతే నిద్దర రాదు. కోడి కోసిన దినం లెక్క అడగొద్దండి."

"మెల్లగా చెప్పమ్మా" అని శ్రీరాములు గోడతో అన్నాడు.

అత్త గొంతు మారింది.

"ఇదంతా నా కోడలు సేసిపెట్టిందే. దాని సేతి కూడు తిన్నాక ఇంగొకరి కూడు నాకు లోపలికి దిగదు. నేను యాడికీ రాను."

నా ముందు సున్నం రాలిన గోడ ఉంది. అది మసకమసగ్గా కనిపించింది.

ఇక తిరగొచ్చా అని ఎవరో అడిగేదాకా వీధిలో ఒక్కరూ కదలలేదు. తిరిగి చూసేసరికి అత్త లోపలికెళ్లి తలుపు వేసేసుకుంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. శ్రీరాములుకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. కలిసిన ఒక్క ఇల్లూ చేజారింది కదా. కాగితమూ తక్కెడా ఒకే మాట చెబితే ఆ మాట నిజమైపోదని డాక్టరమ్మ ఆయనకు నెమ్మదిగా చెప్పింది. ఇకమీదట అరుగుమీద కూర్చుని అరవొద్దని, ప్రశ్నలు చాటుగా అడగమని కూడా చెప్పింది. ఆయన దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో మరి, మరుసటేడు కుప్పంలో ఒక మనిషి ముసలివాళ్లకు వీపు చూపిస్తూ కూర్చుని తిండి గురించి అడుగుతున్నాడని మా అన్న చెప్పి పడీపడీ నవ్వాడు.

తిమ్మక్క సంచిలో చీరలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. మా ఇంట్లోనే భోంచేసింది. జావ మాటెత్తకుండా రెండోసారి పితికిపప్పు వేయించుకుంది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఆ రోజు అత్తకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చూశావా, నేను చెప్పానా అని ఎక్కిళ్ల మధ్యే నామీద అరిచింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి మూడుసార్లు దిగదుడిచి పొయ్యిలో వేశాను. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని కదా మావాళ్ల లెక్క. నిజంగానే ఘాటు రాలేదు. పాత మిరపకాయలు, పురుగు పట్టినవి. ఆ మాట నేను చెప్పలేదు. ఎక్కిళ్లు తగ్గాయి.

ఆ తర్వాత ఎనభై ఆరో సంవత్సరం దాకా బతికింది మా అత్త. ఎప్పుడడిగినా సగం ముద్దే. నా పులుసుకు వంక పెట్టని పూట లేదు. గోడకేసి తిరిగిన రోజు విన్నది నిజమేనా అని కొన్నిసార్లు నాకే అనుమానం వచ్చేది. ఆమె పోయిన ఏడాది చలికాలంలో, మైమూన్ బీతో కలిసి అనపగింజలు పితుకుతూ ఆ మాటే అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు అత్త మొహం ఎలా ఉందో చూడలేకపోయాను కదా అన్నాను. మైమూన్ బీ గింజ పితకడం ఆపింది.

"నేను తిరగలేదమ్మా. గోడ పైనుంచి సూస్తానే ఉన్నా. అంతసేపూ అవ్వ నీ వీపుకల్లానే సూస్తా సెప్పింది."

గిన్నెలో గింజలు ఇంకా చాలా ఉన్నాయి. మళ్లీ పితకడం మొదలుపెట్టాను.