కాళ్ళ మీద ఇల్లు

ఆ రోజుల్లో ఇల్లు కట్టుకోవడానికి కాస్త స్థలం, కాస్త ఊహ ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. స్థలం మా అమ్మమ్మ ఇచ్చింది. ఊహ మా ఆయన దగ్గర ఉందని పెళ్ళయిన కొన్ని నెలలకి గానీ బయటపడలేదు. అంతవరకూ ఆయన దగ్గర అసలు మాటలే లేవనుకున్నాను. అనకాపల్లిలో మోటార్లు రివైండింగు చేసే కొట్టు ఆయనది. పగలంతా రాగితీగ చుట్టి ఇంటికొచ్చాక "అన్నం తిన్నావా", "ఫ్యాను తగ్గించనా" అనే రెండు వాక్యాలతో కాపురం నడిపేవారు. (రెండోది ఎండాకాలంలో మాత్రమే.) నిజానికి తప్పంతా ఆయనది కాదు. అత్తగారి పెంకుటింట్లో మా గదికీ పక్కగదికీ మధ్య గోడ సగం ఎత్తులోనే ఆగిపోయింది. అటుపక్క మామగారు దగ్గితే ఇటుపక్క మేము దొంగల్లా ఉలిక్కిపడేవాళ్ళం.

అమ్మమ్మ ఇచ్చిన స్థలం దేవరాపల్లి అవతల కొండవారన ఒక జీడితోట ముక్క. ఎంత వాలంటే, అక్కడ మేకలు కూడా ఆలోచించి అడుగేసేవి. పైన రాలిన జీడిపండు మాది, దొర్లుకుంటూ కిందికి చేరేసరికి కింది రైతుది. (అమ్మమ్మ దాన్ని అంత ఉదారంగా ఎందుకిచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.) కానీ అక్కడ కూర్చుంటే కిందంతా చెరుకుతోటలు, వరిమళ్ళు, బెల్లం వండే పాకల మీద నిలిచిపోయిన పొగ, ఎక్కడో ఏటినీళ్ళ మెరుపు. ఒక ఆదివారం స్థలం చూపిద్దామని ఆయన్ని తీసుకెళ్ళాను. చాలాసేపు చూసి, "ఇక్కడ ఇల్లుంటే బాగున్ను" అన్నారు. అప్పటికి మా దాంపత్యంలో అదే పొడుగైన వాక్యం.

"ఇంత వాలులో ఎలాగండి?" అన్నాను, ఆ మాట ఆగిపోతుందేమోనన్న భయంతో.

"కాళ్ళ మీద నిలబెడదాం. పొలంలో మంచె లేదేటి, అలాగే. ముందు కాళ్ళు పొట్టివి, ఎనక కాళ్ళు పొడుగువి. కింద గాలి, పైన మనం."

ఆ "పైన మనం" అన్నది నా చెవిలో ఇంటిదాకా మోగింది.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం కొట్టు కట్టేయగానే ఆయన సుద్దముక్కతో వచ్చేవారు. పెరట్లో గచ్చు మీద ఇల్లు గీసేవాళ్ళం. ఇది వసారా, ఇది పడగ్గది, ఇక్కడ కిటికీ. కిటికీ దగ్గర ఇద్దరం గొంతుక్కూర్చుని, ఎదురుగా ఉన్న నీళ్ళతొట్టిని చెరుకుతోట అనుకుని చూసేవాళ్ళం. పొద్దున్నే అత్తగారు పెరడు కడిగేసేవారు. రోజూ మా ఇల్లు తూములోంచి కాలవలోకి పోయేది, రోజూ సాయంత్రానికి ఇంకో గదితో తిరిగొచ్చేది. ఒకరోజు ఆవిడ చీపురు పక్కనపెట్టి, "ఇదేటమ్మాయ్?" అని అడిగారు.

"వంటిల్లు అత్తయ్యా."

ఆవిడ గీతల మధ్య నిలబడి ఒక చుట్టు తిరిగారు. "నా మోచెయ్యి వీధిలోకెళ్ళిపోతంది. నేను వత్తే ఎక్కడ వొండుతాను?" అన్నారు. ఆ సాయంత్రం వంటిల్లు పెద్దదయింది. ఆ రాత్రికి సంగతి మామగారికి తెలిసింది, ఆ వారానికి ఎస్టిమేటు అన్నయ్యకి కబురు వెళ్ళింది.

ఎస్టిమేటు అన్నయ్య అంటే మా ఆడపడుచు భర్త. మా ఆయనకి బావ, నాకు వరసకి అన్నయ్య. కాంట్రాక్టరు దగ్గర పని చూసేవాడు. కంటికి కనబడ్డ ప్రతిదానికీ ఖర్చు కట్టడం ఆయన అలవాటు. (మా పెళ్ళిలో అందరూ అక్షింతలు వేస్తుంటే ఆయన పందిరి గుంజలు లెక్కపెడుతున్నాడని ఆడపడుచే చెప్పింది.) మామగారితో కలిపి నలుగురం బస్సెక్కి కొండవారకి వెళ్ళాం. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం ఒక కొస అన్నయ్య పైన పట్టుకున్నాడు. రెండో కొస పొడుగాటి వెదురుగడకి కట్టుకుని మా ఆయన కిందికి దిగారు. పైన నీళ్ళు ఏ ఎత్తున ఉంటే కింద కూడా అదే ఎత్తుకి గొట్టాన్ని లేపాలి, వెనక కాళ్ళ పొడుగు అప్పుడు తేలుతుంది. మా ఆయన గడని తలదాకా ఎత్తారు.

"ఇంకా పైకా బావా?"

"ఇంకా పైకే బావా."

చేతులు పూర్తిగా చాపారు. మునివేళ్ళ మీద నిలబడ్డారు. అన్నయ్య ఇంకా పైకే అంటున్నాడు. చివరికి గడ ఎత్తు చాలక నీళ్ళన్నీ మా ఆయన నెత్తిన పడ్డాయి.

అన్నయ్య ఒక బండ మీద కూర్చుని లెక్క కట్టాడు. సరుగుడు బాదు కర్రలైతే చెదపడతాయి, సిమెంటు స్తంభాలైతే కొండెక్కించాలి. గోతులు తవ్వుదామంటే మోకాలి లోతుకే రాయి తగులుతుంది. తాటాకు నేయిస్తే ఏటేటా మార్చాలి, "రేకేత్తే తుఫానుకి ఎగిరెళ్ళి ఎలమంచిలిలో దిగుద్ది." ఆఖరికి నా వైపు తిరిగి, చాలా మెత్తగా చెప్పాడు. "సూడమ్మా, ఇంటికి లచ్చ. ఇంటి కాళ్ళకి రెండు లచ్చలు. ఇల్లు మానేసి కాళ్ళొకటే కట్టుకుందారన్నా మీకు డబ్బులు సాలవు."

నా మొహం చూసి కాబోలు, అన్నయ్యే ఒక ఉపాయం చెప్పాడు. ఇంటి పొడుగు తగ్గిస్తే వెనక కాళ్ళు పొట్టివవుతాయి. సరేనని వెనకనుంచి కొయ్యడం మొదలుపెట్టాం. ముందు వంటిల్లు పోయింది. (అత్తగారు అక్కడ లేకపోవడం అదృష్టం.) తర్వాత గదిలో సగం, తర్వాత మిగిలిన సగం. డబ్బుకి సరిపోయేసరికి వసారా ఒక్కటే మిగిలింది.

"మంచం పడుతుందా అన్నయ్యా?"

"మంచం పడదు. మీరిద్దరూ కూకుంటే పడతారు. కాళ్ళు ముడుసుకోవాల."

అంతసేపూ పక్కన నిలబడి వింటున్న మామగారు పంచె ఎగ్గట్టి, ఆ వసారా ఎంత మేర వస్తుందో చూద్దామని ఒక అడుగు కిందికి వేశారు. ఎండిన జీడాకుల మీద కాలు జారింది. కూలబడి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, గంభీరంగా, సరసరా మా అందరినీ దాటుకుంటూ పోయి కింద జీడిచెట్టు మొదలుకి ఆనుకుని ఆగారు. కిందనుంచి నెమ్మదిగా మాట వినిపించింది.

"అల్లుడుగారూ, ముందనుకున్న ఇంటికి ఎనక కాళ్ళు ఇక్కడికొత్తాయి. రాసుకోండి."

ఎవరు ముందు నవ్వారో తెలియదు గానీ మామగారి ముందు నేను పైకి నవ్వడం అదే మొదలు. మేం దిగి వెళ్ళేసరికి ఆయన లేవకుండా అక్కడే కూర్చుని చెరుకుతోటల వైపు చూస్తున్నారు. కొడుకు చెయ్యి అందిస్తే, పట్టుకుని లేవబోయి ఆగారు.

"గాలి బాగున్నాదిరా. మీ ఇద్దరికీ ఎందుకు నచ్చిందో తెలిసింది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "దగ్గు నేను ఆపుకోలేను. పంటడబ్బులు రాగానే మన పెంకుటింటి పక్కనున్న మన డాబా మీద గదేసేత్తాను. ఆ పైకి ఇనబడదు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను చూడనట్టు మామగారి పంచెకంటిన ఆకులు దులపడం మొదలుపెట్టాను.

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. గది దొరికినందుకు సంతోషించాలని తెలుసు. కానీ ఇల్లు పోయింది, దాంతోపాటు సాయంత్రాలూ పోతాయి, మళ్ళీ "అన్నం తిన్నావా" దగ్గరికి వచ్చేస్తామని దిగులు పట్టుకుంది. చోడవరం దాటాక మా ఆయన నా వైపు వంగి, "డాబా మీద గదికి కిటికీలు ఎటేపు పెడదాం?" అని అడిగారు. అనకాపల్లిలో బస్సు ఆగినా ఆయన మాటలు ఆగలేదు. కండక్టరు వచ్చి "దిగుతారా, గేరేజీకి వత్తారా?" అని అడగాల్సి వచ్చింది.

ఆ గదిలోనే పిల్లలు పుట్టారు, పెరిగారు. ఎస్టిమేటు అన్నయ్యకి జుట్టు నెరిసింది. మామగారు లేరు. జీడితోట పక్కన ఇప్పుడు తారురోడ్డు పడింది. ఇనుప పైపుల కాళ్ళతో చవగ్గా ఇల్లు లేపెయ్యొచ్చు, ఖర్చు కట్టనా అని అన్నయ్య మొన్న ఫోన్ చేశాడు. మేమిద్దరం చూసొద్దామని వెళ్ళాం. సగం వాలు ఎక్కేసరికి నా మోకాళ్ళు ఆగిపోయాయి. చెట్టునీడ చూసుకుని కూర్చుండిపోయాను. ఆయన నాలుగడుగులు కింద నిలబడి, చెమట తుడుచుకుంటూ, "లిఫ్టుకి ఎంతవుద్దో కూడా అడగాల" అన్నారు.

ఒకప్పుడు ఈ వాలు మీద పరుగెత్తి, పెరట్లో సుద్దగీతల ఇంట్లో కాపురం చేసిన పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొచ్చింది. తన ఇంటికి గోడలు లేవని దానికి ఒక్కరోజూ తోచలేదు కదా అనుకుంటే నవ్వొచ్చింది.

"ఏటి నవ్వుతన్నావు?"

"ఏం లేదు. ఎండలో నిలబడ్డారు, లోపలికొచ్చి కూచోండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.