కాక పన్ను ఊడగొట్టింది నేనే

గోదావరిఖనిలో కార్ల చక్రాలు సరిచేసే మా అలైన్‌మెంట్ కాక చనిపోయాడు. మొన్న పక్క దుకాణంలో టిప్పర్ టైరును ఇనుప జాలీలో పెట్టకుండానే గాలి కొడుతుంటే చూసి, "ఆపుండ్రి, సస్తరు!" అని అరుస్తూ ఉరికాడు. చక్రానికుండే ఇనుప రింగు ఊడి ఎగిరి ఆయన ఛాతీకే తగిలింది. దవాఖాన దాకా కూడా పోలేదు. తిడుతూ బతికిన మనిషి, తిడుతూనే పోయాడు.

ఆయన మంచితనం గురించి మీకు ఎవరైనా చెప్తారు. నేను ముందు నా సంగతి చెప్పాలి. ఆయన ముందు పన్ను ఊడగొట్టింది నేను.

అప్పుడు నేను సెకండ్‌హ్యాండ్ కారు కొన్న కొత్త. మలుపుల్లో ఒరగకుండా రోడ్డుకు అతుక్కుని పోవాలని ముందు స్ప్రింగులు రెండు చుట్లు కోయించి, వెడల్పాటి టైర్లు వేయించాను. నా అంత మొనగాడు లేడనుకున్నాను. కొన్నాళ్లకు స్టీరింగు ఒక పక్కకు లాగుతుంటే కాక దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వంగి చూసి, సుత్తె అందుకుని నా కారు ముందు చక్రం మీద ఫెడీమని కొట్టాడు.

"ఎవడ్రా గీ స్ప్రింగులు కోసింది? పెండ్లాం పిల్లలున్నరా నీకు?"

ఒళ్లు మండిపోయింది. కాలర్ పట్టుకున్నాను. ఆయన నా చెంప పగలగొట్టాడు. నేను పిడికిలి బిగించి మూతి మీద గుద్దాను. ఇద్దరం గ్రీజులో పడి దొర్లాం. నలుగురొచ్చి విడదీసేసరికి ఆయన నోటినిండా రక్తం. పన్ను ఊసేసి, నా మెడ పట్టుకుని ముందు చక్రం దగ్గరికి ఈడ్చాడు.

"కొట్టినవ్ గదా, ఇగ చూడు. లోపటికి చెయ్యి పెట్టు."

టైరు లోపలి అంచు తడిమాను. వేలికి చుర్రున గుచ్చుకుంది. బయటి నుంచి చూస్తే కొత్త టైరే, లోపల రబ్బరంతా అరిగి ఇనుప తీగలు తేలాయి. స్ప్రింగులు కోయడంతో చక్రాలు లోపలికి వాలి, బరువంతా ఆ అంచు మీదే పడిందట. మర్నాడు పొద్దున అదే కారులో నా భార్యను, ఆరు నెలల బిడ్డను మందమర్రి తీసుకెళ్లాలి.

"కారు భూమిని పట్టుకునేది నాలుగు అరచేతులంత జాగల్నే. గంత జాగ మీదనే నీ ఇల్లంత కూసుంటది," అన్నాడు రక్తం తుడుచుకుంటూ.

మూతికి గుడ్డ అడ్డం పెట్టుకునే కంపెనీ కొలత స్ప్రింగులు, టైర్లు తెప్పించి బిగించాడు. సాయంత్రానికి అలైన్‌మెంటూ చేశాడు. కోసిన స్ప్రింగులను మాత్రం నా కాళ్ల మీదికి విసిరికొట్టాడు.

ఆ తర్వాత ఎన్నోసార్లు బతిమాలాను. "కాకా, పన్ను కట్టిస్త, రాయే."

"వద్దు బిడ్డా. గీ సందు చూస్తెనే నీకు యాదికుంటది."

నేను ఎదురుపడితే చాలు, కావాలని నోరంతా తెరిచి నవ్వేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఆ ఆరు నెలల బిడ్డ ఇప్పుడు పదో తరగతి. కాక పోయాడని తెలిసి నాకంటే ముందు ఏడ్చింది.

నిన్న గోదావరి ఒడ్డున, చివరగా ఆయన నోట్లో నాలుగు బియ్యం గింజలు వేయమన్నారు. పళ్లు గట్టిగా కరుచుకుని ఉన్నాయి. గింజలు లోపలికి పోవడానికి ఒక్కటే దారి ఉంది. అది నేను చేసిందే.