కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి

చలికాలం మొదలై, మా ఖరగ్‌పూర్‌లో ఝపటాపూర్ దుకాణాల్లోకి కొత్త ఖర్జూరపు బెల్లం దిగగానే వీధంతా పొగవాసన కలిసిన తీపి తేలుతుంది. ఆ వాసన తగిలితే నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. వసుంధర గారు గుర్తొస్తారు. ఆవిడ చప్పటి టీ తాగుతూ ఆ బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని, “ఊఁ, చదువు” అనేవారు.

కొన్నేళ్ల కిందట, ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు రాసిన పాత కథల్ని పొట్టి సినిమాలుగా మలచడం నేర్పేందుకు ఇక్కడో శిబిరం పెట్టారు. నిమ్‌పురా వైపు పాత రైల్వే బంగళా, ఎర్ర గచ్చు, పొడవాటి వరండా. మంచులోంచి యార్డులో ఇంజన్ల కూతలు ఎవరో కలలో పిలిచినట్టు వినిపించేవి. సినిమాలకు చాలాకాలం రాసిన వసుంధర గారు మాకు గురువు. అప్పటికే ఆవిడ చూపు దాదాపుగా పోయింది. వెలుగూ నీడా మాత్రం తెలిసేవి. అందుకని మేం రాసిందంతా పైకి చదివేవాళ్లం. ఆవిడ పడక్కుర్చీలో వాలి వినేవారు. వింటున్నారో నిద్రపోతున్నారో తెలిసేది కాదు. అంతలో ఒక్క ప్రశ్న అడిగేవారు, రాసిందంతా చేతిలో బరువెక్కేది.

నేను మా నాన్న కథ ఎంచుకున్నాను. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన అచ్చులో చూసుకున్నది ఆ ఒక్క కథే, ఇక్కడి తెలుగువాళ్లు నడిపిన చిన్న పత్రికలో. ఆయన పోయాక అందులో ఒక్క మాట కదిలించాలన్నా నాకు చేతులాడేవి కావు. మిషన్లో పడి భర్త చెయ్యి నలుగుతుంది. కబురు విన్న భార్య గుమ్మంలో కూలబడి ఏడుస్తుంది. కథ అంతే. ఆ భార్య మా అమ్మే.

నేను చదవడం ముగించాక వసుంధర గారు బుగ్గనున్న బెల్లంముక్క నమిలి మింగారు. తర్వాత, “సుగుణా, ఆమె ఏడుస్తుంటే నువ్వెక్కడ నిలబడి చూస్తున్నావు?” అన్నారు. గుమ్మం లోపల అన్నాను.

“అప్పుడు మీ నాన్నెక్కడున్నారు?”

“ఆసుపత్రిలో అండీ.”

“మరి ఆయనకెలా తెలిసింది?”

అది నేనెప్పుడూ అడగలేదన్నాను. అమ్మనడిగి రమ్మన్నారు.

మర్నాడు పొద్దున్న ఇంటికెళ్లాను. అమ్మ ఎండలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కథ చదివి వినిపించాను. చివరికొచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

“నానెక్కడ ఏడిసినానే? టిపినీ పట్టుకుని ఆస్పటల్‌కి ఎలిపోనాను. అన్నం కలిపి పెట్టినాను. ఆ సెయ్యి సూళ్లేక కిటికీ వేపు తిరిగి కూకున్నాను. అంతే.”

నాన్న అలా ఎందుకు రాశాడని అడిగాను. మళ్లీ చిక్కుడుకాయ అందుకుంటూ, “నానేడిసినట్టు కావాల్సొచ్చింది గావాల. రాసుకున్నాడు. ఒగ్గీ,” అంది.

తిరిగి వెళ్లేటప్పుడు టోటో రిక్షాలో కూర్చున్నానే గాని దారి కనిపించలేదు. అమ్మ చెప్పింది సినిమాగా తీస్తే నాన్న కథ అబద్ధమవుతుంది. నాన్న రాసింది తీస్తే అమ్మ పడిన దిగులుకు చోటే ఉండదు. అదే వసుంధర గారితో చెప్పుకున్నాను. ఆవిడ తీర్పేమీ చెప్పలేదు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషికి ఏం కనిపించి ఉంటుందో చెప్పమన్నారు. కళ్లు మూసుకున్నాను. తెల్లటి వెలుతురు, కిటికీ ఊచలు, అమ్మ వీపు. ముఖం కనిపించదు. ఆ వీపు చూస్తూ ఆమె ఏడుస్తోందనే నాన్న అనుకుని ఉంటాడు. ఆ మాటే పైకి అన్నాను. “అక్కణ్ణించి రాయి,” అన్నారావిడ.

సినిమా తయారయ్యాక మా తెలుగు సంఘం హాల్లో వేశారు. వసుంధర గారు ప్రయాణం చేసి వచ్చారు. ఒక పక్క ఆవిడ, ఒక పక్క అమ్మ, మధ్యలో నేను. తెరమీద కనిపించేదంతా ఆవిడ చెవిలో చెబుతూ వచ్చాను. కిటికీ దగ్గరి దృశ్యం వచ్చినప్పుడు నాకు మాట రాలేదు. ఆవిడా ఏం జరుగుతోందని అడగలేదు. నా మణికట్టు పట్టుకుని, ఆ నిశ్శబ్దం అయిపోయేదాకా వదల్లేదు. అమ్మ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుని, “మీ నాన సూస్తే బాగున్ను,” అంది. నాకు తెలిసి అమ్మ నలుగురిలో కన్నీళ్లు పెట్టుకున్నది అప్పుడే.

ఆ తర్వాతి చలికాలానికి వసుంధర గారు లేరు. ఇప్పుడు ఆదివారాలు అదే హాల్లో కొందరం చేరి, రాసుకున్నవి ఒకరికొకరం చదువుకుంటాం. ఎవరైనా తమవాళ్ల గురించి చదువుతుంటే, తప్పొప్పులు ఎంచబోయే నా నాలుకను ముందు ఆపుకుంటాను. చదివేవాళ్లు తమ మనిషిని ఎక్కణ్ణించి చూశారో తెలిసేదాకా వింటాను. ఇంట్లో అమ్మ నా వైపు వీపు తిప్పి కూర్చున్న రోజుల్లో కూడా, ఏమైందని అడగను. వెళ్లి పక్కన కూర్చుంటాను.