వెనక్కి జరిగిన గొంతు

మా అత్త పోయిన సంగతి మామకు అరిచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి కబురు ఎవరైనా పక్కకు తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెబుతారు. నేను మిల్లులో నూలు వడికే చోట, స్పిన్నింగ్ ఖాతా గుమ్మంలో నిలబడి, మిషన్ల హోరులో, ఆయన చెవికి నోరు ఆనించి గొంతు చించుకున్నాను. మాట కన్నా ముందు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. అప్పుడు కూడా, ఆయన మిషన్లు చూసుకోవడానికి ఇంకో మనిషి వచ్చేదాకా మేస్త్రి కదలనివ్వలేదు. పెళ్లాం ఎలాగూ పోయింది, దారం తెగకూడదు కదా!

మా నాన్న చెల్లెలు ఆమె. అదే మిల్లులో పిల్లల గదికి ఆయమ్మ. రీలింగులో నూలు చుట్టే తల్లులు షిఫ్టుకు వస్తూ చంటిపిల్లల్ని ఆమెకు అప్పగించి పోయేవారు. ఆ గది మిల్లు ఆవరణలో ఒక మూలకు, మిషన్లకు దూరంగా ఉండేది. వరసగా చీర ఉయ్యాలలు కట్టి ఉండేవి. చేత్తో ఒకటి, కాలికి చుట్టుకున్న తాడుతో ఇంకొకటి ఊపుతూ అత్త పాడేది. పాటలు ఆమె సొంతం. ఏ పిల్ల ఏడిస్తే ఆ పిల్ల తల్లి పేరు పాటలో చేరేది. మీ అమ్మ దారం చుడుతోంది, షిఫ్టు అయిందని మిల్లు సంగు ఊదగానే వచ్చేస్తుంది, అంతలో ఒక కునుకు తియ్యి అని.

ఆమెది బొంగురు గొంతు. పాటకైనా మాటకైనా పెంచేది కాదు. మా లైన్ ఇళ్లలో ఉండేదంతా మిల్లు జనం. ఉప్పు అప్పడిగినా తగాదా పడుతున్నట్టే ఉంటుంది. "ఏందక్కా, కొంచం గట్టిగ మాట్లాడు" అని ఎవరైనా అంటే, "అరిచేదానికి మిల్లుండాది గదా, మనమెందుకు సత్తం పెట్టేది?" అనేది.

తమిళ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆమే. వంట చేస్తూ చేస్తూనే పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేలు పట్టి రాయించేది. "ఇంట్లో మాట్లాడేదాన్ని రాసేదానికి రాకుంటే ఎట్ల పాపా?" అనేది. ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

తర్వాత మిల్లు పెద్దల కన్ను పిల్లల గది మీద పడింది. నూలు మూటలకు చోటు చాలడం లేదట. ఉయ్యాలలు విప్పించి మూటలు పేర్చారు. అత్తను ఇంటికి పంపేశారు. పిల్లలు ఇళ్ల దగ్గర ముసలివాళ్ల చేతుల్లో పడ్డారు. ఆయమ్మ పాట లేనిదే పిల్లలు నిద్రపోవడం లేదని తల్లులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మొర పెట్టుకున్నారు. మామకు హుషారు వచ్చింది. "పాటల్ని టేపులో పట్టిస్తా. గిటారు నేను వాయిస్తా" అన్నాడు.

చర్చిలో గిటారు వాయించే స్నేహితుడొకడు ఆయనకు అది నేర్పాడు. టేపురికార్డర్లు రెండు కుదిరాయి, ఒకటి సొంతం, ఇంకొకటి పొల్లాచ్చిలో ఉండే తమ్ముడిది. సెలవు రోజున తలుపులు బిగించి, కిటికీకి బొంత కట్టి, ముందు ఒకదానిలో గిటారు పట్టేవాడు. తర్వాత దాన్ని మోగిస్తూ, దగ్గర్లో అత్తను కూర్చోబెట్టి పాడించి, రెండూ కలిపి రెండోదానిలో పట్టేవాడు. గొంతు ఎంత ఉండాలి, గిటారు ఎంత ఉండాలి అని సరిచూసుకోవడానికి ముఖ్యమైన ఉపాయం ఒకటే, అత్తను ముందుకో వెనక్కో జరపడం. ఒకసారి టేపులో కలిశాక రసంలో ఉప్పు లాంటిదే, మళ్లీ విడదీయలేం.

మొదటిసారి పట్టింది విని మామ పెదవి విరిచాడు. "అంతా నీ గొంతే ఉండాది. గిటారు ఇనపళ్ళేదు. కొంచం ఎనక్కి జరుగు."

అత్త జరిగింది. ఖాతాలో ఆయనతో పనిచేసే స్నేహితులు వచ్చి విన్నారు. "ఆమాన్నా, అక్క పాట రొంబ బాగుండాది. గిటారు కంబి సత్తమే సరిగా తెలీలేదు" అన్నారు. మామ గిటారు మోత పెంచాడు. టేపురికార్డరులో సన్న శబ్దాలకు పదునుపెట్టే మీటను చివరిదాకా తిప్పాడు. అత్త చాప వంటింటి గడప దగ్గరకు పోయింది. అక్కడి నుంచి పెరటి తలుపు దగ్గరకు పోయింది. నేను ఉండబట్టలేక "మామా, అత్త గొంతే వినిపించడం లేదు" అన్నాను. నేను మిల్లు మనిషిని కాను, తుడియలూరులో బట్టలు కుడతాను. "నువ్వు కుట్టేది చూడు పాపా, పాట మేం చూసుకుంటాం" అని నవ్వాడు. స్నేహితులూ నవ్వారు.

వాళ్ల మనసులో ఏ దోషమూ లేదు. ఏళ్ల తరబడి ఆ మిషన్ల కూతలో నిలబడి నిలబడి వాళ్ల చెవులకు సన్నని శబ్దాలు అందడం మానేశాయి. గిటారు తీగ గీ పెట్టినా వాళ్లకు అది దూరాన ఎక్కడో ఉన్నట్టే. అత్త బొంగురు గొంతు మాత్రం నిక్షేపంగా చేరేది. అందుకే వినపడని దాన్ని పెంచుకుంటూ, వినపడే దాన్ని తరుముకుంటూ పోయారు. కొండలు కొండలుగా దూది పడి ఉండే చోటది. ఇంత తీసి చెవిలో పెట్టుకో నాయనా అన్న పెద్దమనిషి ఒక్కడూ పుట్టలేదు.

టేపులు తల్లులు పట్టుకుపోయారు. వాళ్లవీ మిల్లు చెవులే, బాగుందన్నారు. పిల్లల దగ్గర ఆ ఆటలు సాగలేదు. ఒకామె వచ్చి నసుగుతూ, "ఆయమ్మా, నీ పాట పెడితే పిల్ల తుళ్లి లేస్తాండాదే" అంది. అత్త తల ఊపి ఆమెకు కాఫీ ఇచ్చింది.

ఆమె అటు పోగానే నేను ఎగిరిపడ్డాను. "మామకు చెవి పోయిందని నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? పాట మళ్లీ పట్టిద్దాం" అన్నాను.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్తే ఆ మనిషి ఊరికే ఉంటాడా? నలుగురి దగ్గర చెప్పుకుంటాడు. మేస్త్రి చెవిన పడితే గేటు బైట నిలబెడతారు. మొన్న పక్క లైన్లో ఆయన్ని చెవుడని నిలబెట్టలేదా? నా గొంతు ఎనక ఉంటే ఏం పాపా? నేను యాడికి పోతా, ఇంకోసారి పాడతా."

ఇంకోసారి పాడలేదు. ఇంట్లో గడవక అదే మిల్లులో చెత్తదూది ఏరే పనికి పోయింది. చెవులకు దక్కని దూది ఆమె ఊపిరితిత్తులకు దక్కింది. దగ్గు ముందు గొంతును తిన్నది, తర్వాత మనిషిని తిన్నది. అన్నూరు నుంచి వచ్చిన బంధువులు శవం దగ్గర కూర్చుని ఎంత ఓర్పు గల ఆడది అని మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఓర్చుకున్నది ఆమె, మిగుల్చుకున్నది మిల్లు. ఆమె అంత మంచిది కాకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడో రోజు శ్మశానంలో పాలు పోసి వచ్చాక అందరం వాకిట్లో పందిరి కింద కూర్చున్నాం. మామ టేపురికార్డరు తెచ్చి మధ్యలో పెట్టాడు. "ఇనండి, ఎట్ల పాడతాందో" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద చెయ్యి తాళం వేస్తోంది, పెదవులు ఆమె మాటల్ని ఒక్కటీ తప్పకుండా అంటున్నాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఖాతా స్నేహితులు తలలు వంచుకుని తువ్వాళ్లతో కళ్లు ఒత్తుకుంటున్నారు. వాళ్లందరికీ అత్త వినిపిస్తోంది. నేను ఎంత చెవి ఒగ్గినా తీగల కీచుమోత తప్ప ఏమీ లేదు.

ఒకప్పుడు ఆమె ఉయ్యాలలో పెరిగిన పక్కింటి పిల్ల నా ఒళ్లో కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకుని కాసేపు ఓపిక పట్టింది. తర్వాత మామ వైపు తిరిగి అడిగింది.

"తాతా, ఆయమ్మ ఎప్పుడు పాడతాది?"

పిల్లది సన్న గొంతు. మామకు వినపడలేదు.