గురక ఆగిన మధ్యాహ్నం

నిద్రపోతున్న మొగుడి మీదికి మూరెడు కత్తెర పట్టుకొని పోయిన ఆడమనిషి మార్కాపురంలో ఒకతే ఉంది. అది నేనే. అది కూడా ఆయన ప్రాణం కాపాడదామనే పోయినాను. మా వీధంతా ఇప్పటికీ నవ్వుకుంటానే ఉంది కాబట్టి మీరు నవ్వినా నాకు కొత్తగా వచ్చే నష్టం లేదు.

మా ఆయన ప్రభుదాసు బడి బస్సు నడుపుతాడు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. ఆయన మనిషి సన్నం, మాట మెత్తన. పగలు పక్కన కూర్చున్నా ఉన్నాడో లేడో తెలియదు. పడుకున్నాడంటే మాత్రం తర్లుపాడు రోడ్డు మీద కంకర లారీ గేరు పడక మొరాయించినట్టు ఉండేది గురక. పెళ్ళైన కొత్తలో మా అమ్మ వారం రోజులు ఉండి పోదామని వచ్చి, మరుసటి పొద్దున్నే పెద్దారవీడు బస్సెక్కింది. ఏందమ్మా అంటే బర్రెకి బాగలేదనింది. అప్పటికి మాకు బర్రె లేదు.

గురకతో నాకు పేచీ లేదు, అది ఆగితేనే భయం. ఉన్నట్టుండి చప్పుడు తెగిపోయేది. ఛాతీ ఎగిరిపడతా ఉండేది గానీ గాలి లోపలికి పోయేది కాదు. నేను మోచేత్తో పొడిస్తే నీళ్ళలో మునిగి లేచినోడిలా గుటకేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అట్ల ఏళ్ళ తరబడి ఒక చెవి ఆయన మీద వేసి సగం నిద్రే పోయినాను. మిగతా ఆడోళ్ళు మొగుడి గురక ఆగాలని కోరుకుంటే, నేనొక్కదాన్నే ఆగకూడదని ప్రార్థన చేసుకునేదాన్ని.

ఒకరోజు రైలు గేటు దగ్గర బస్సు ఆపి, గేటు ఎత్తేలోపల స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయినాడు. వెనక పిల్లలు నవ్వుకుంటా లేపినారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన మాత్రం ఇంటికి వచ్చి గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

"బస్సు నడుస్తా ఉండంగా ఇట్లయితే ఏంది సుగుణా? వాళ్ళంతా పసిపిల్లలు," అన్నాడు.

ఎవరూ అడగకముందే బడికి పోయి తాళాలు ఇచ్చేసి వచ్చినాడు.

గుంటూరు తీసుకుపోయినాను. ఆసుపత్రిలో తలకీ ఛాతీకీ తీగలు తగిలించి పడుకోబెట్టి చూసినారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బన్నారు. ముందు ముక్కుకి తొడుక్కొని పడుకునే గాలి మిషన్ ఇచ్చినారు. చానామందికి దాంతోనే సరిపోతుందంట. మా ఆయన నిద్రలోనే దాన్ని పీకి నా ముఖం మీద పెట్టేవాడు. నెలల తరబడి అట్ల అవస్థ పడినాక దవడల ఆపరేషను చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపినారు.

ఆమె ఆయన్ని పక్కకి తిప్పి చూసి, ఎక్స్‌రేలు తీయించి, నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఈయన దవడలు పుట్టుకతోనే వెనక్కి ఉన్నాయి, నోట్లో చోటు చాలక నిద్రలో నాలుక జారి గొంతుకు అడ్డం పడుతోంది, రెండు దవడలూ కోసి ముందుకు జరిపి ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తే నాలుక కూడా ముందుకొచ్చి గాలికి దారి దొరుకుతుంది అనింది. అందరికీ ఇది చేయరంట, ఈయనకి పనికొస్తుందంట. కోయడం అనే మాట దగ్గరే నేను సంచీ సర్దుకొని లేచినాను. ఆయన మాత్రం ఒకటే అడిగినాడు, మళ్ళీ బస్సు నడపొచ్చా అని.

ఆపరేషను బాగానే అయింది. ఇంటికి తెచ్చేటప్పటికి ముఖం గుమ్మడికాయంత ఉంది. పై పళ్ళనీ కింది పళ్ళనీ రబ్బరు బ్యాండ్లతో కలిపి కట్టేసినారు. తిండంతా రాగిజావ, వడకట్టిన పప్పునీళ్ళు, అవీ సిరంజితో. మాట్లాడాల్సినవి పలక మీద రాసేవాడు. పలకలకే పేరుపడిన ఈ ఊళ్ళో పలకకి కొదవేముంది.

డాక్టరమ్మ నాకు రెండు మాటలు చెప్పి పంపింది. వాంతి వచ్చినా ఊపిరాడకపోయినా వెంటనే బ్యాండ్లు కత్తిరించేయాలి, చిన్న కత్తెర ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. ఇది ఒకటి. వాపు తగ్గినాక గురక ఉండదు. ఇది రెండోది. మొదటి మాటని గుండెలో రాసుకున్నాను. రెండోదానికి తల ఊపినాను, అంతే.

మొదట్లో వాపుకి ముక్కు బిగేసి పడుకుంటే ఈల వేసినట్టు ఉండేది. ఆ ఈల వింటానే పని చేసుకునేదాన్ని. వాపు దిగినాక ఒకరోజు మధ్యాహ్నం జాకెట్టు చేతులు కుడతా చెవి పెడితే ఈల లేదు. గురకా లేదు. పరుగెత్తిపోయి చూస్తే దిళ్ళకి ఆనుకొని కదలకుండా ఉన్నాడు. పిలిచినా పలకలేదు. మోచేత్తో పొడుద్దామంటే దవడ కదులుతుందేమోనని చెయ్యి రాలేదు. అరికాలు ముట్టుకుంటే మంచుముక్క. కాళ్ళ దగ్గరే కూలరు తిరుగుతోందని అప్పుడు నాకు తోస్తే కదా.

బ్యాండ్లు కత్తిరించాలి. చిన్న కత్తెర ఎక్కడ పెట్టినానో కనపడలేదు. చేతికొచ్చింది బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. ఎడమ చేత్తో ఆయన కింది పెదవి కిందికి లాగినాను. ఆపరేషను అయినాక దానికింకా స్పర్శ రాలేదు కాబట్టి ఆయనకి తెలియలేదు. కత్తెర మొన చల్లగా ముక్కుకి తగిలింది. ఆయన కళ్ళు తెరిచినాడు.

ఆయన వైపు నుంచి ఆలోచించండి. ముఖం మీద కత్తెర, దాని వెనక జుట్టు విరబోసుకొని ఏడుస్తా పెళ్ళాం. ఒక్క ఎగురు ఎగిరి, లుంగీ పట్టుకొని వీధిలోకి ఉరికినాడు. బతికే ఉన్నాడన్న సంతోషంలో నేనూ వెనకే ఉరికినాను. కత్తెర చేతిలోనే ఉంది.

ఎదురింటి వెంకటసుబ్బయ్య మామ అరుగు మీద మజ్జిగ తాగుతా ఉన్నాడు. గ్లాసు పడేసి మా మధ్యకి వచ్చి నిలబడినాడు. ఆడోళ్ళు నా చేతులు పట్టుకున్నారు. నేను "ఊపిరుంది, ఇంకా ఊపిరుంది" అని వెక్కివెక్కి ఏడుస్తా ఉంటే, పని సగంలో ఆగిపోయిందని ఏడుస్తున్నాననుకున్నారు.

"ఎంత కోపముంటే మాత్రం, పచ్చి దవడల మనిషి మీదికా సుగుణా?" అన్నాడు మామ.

మా ఆయన మామ అరుగు మీద కూలబడి ఏదో చెప్పబోయినాడు గానీ మూలుగు తప్ప బయటికి రాలేదు. పక్కింటి చెన్నమ్మత్త ఇంట్లోకి పోయి పలక తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. రాసింది మామ అందరికీ వినపడేలా చదివినాడు.

"నిద్ర పట్టింది. లేపింది."

అప్పుడు మొదలైన నవ్వు సందు చివరిదాకా పోయింది. నేను సిగ్గుతో కత్తెర కొంగులో దాచుకుంటా ఉంటే ఆయన పలక తుడిచి మళ్ళీ ఏదో రాసి, ఈసారి నావైపు మాత్రమే తిప్పినాడు. చానా ఏళ్ళకి కల వచ్చింది, అని ఉంది. నేను అక్కడే అరుగు మీద ఆయన పక్కన కూలబడినాను. కల వచ్చేంత నిద్ర ఆయన పోయినాడన్న సంగతి అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు.

తర్వాత మళ్ళీ తీగలు తగిలించి చూసి, ఊపిరి ఆగడం లేదు, బస్సు నడపొచ్చని రాసిచ్చినారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే తాళాలు తిప్పుకుంటా పోతాడు. ఇంట్లో చప్పుడు లేదనుకోకండి. ఏళ్ళ తరబడి ఒక చెవి తెరుచుకొని పడుకున్నదాన్ని ఇప్పుడు రెండు చెవులూ మూసుకొని పడుకుంటున్నాను కదా, గురక పెట్టేది నేనేనంట. తర్లుపాడు రోడ్డు లారీ నా ముందు సైకిలంట.

"మరి లేపొచ్చు కదా," అన్నాను.

"మధ్యలో ఎక్కడా ఆగడం లేదు. చూస్తానే ఉన్నా. పడుకో," అన్నాడు.

అందుకని ప్రభువు ఎదుట, మా వీధి పెద్దల ఎదుట ప్రమాణం చేసి చెప్తున్నాను. ఇకమీదట నా మొగుడు హాయిగా పడుకున్నప్పుడు బతికున్నాడో లేడో చూడాలనిపిస్తే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. అదీ నాకు మెలకువ వస్తేనే.